ముక్కు పెట్టకూడని మొక్క

పోర్తో,
యోహాను పండుగ వెళ్ళిన మర్నాడు.

చిరంజీవి ఎల్దర్‌కు,

అమ్మ దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, కోడలు తానియా, పాప మఫాల్దా, గోడ మీది పిల్లితో సహా అందరం బాగానే ఉన్నాం. నువ్వక్కడ వేళకింత తింటూ, ఎవరి గొడవల్లోనూ తల దూర్చకుండా ఉన్నావని తలుస్తాను. బాగానే ఉన్నాం అని రాయడం ఆనవాయితీ కాబట్టి రాశాను. ఎంత బాగున్నామో చదవగా చదవగా నీకే తెలుస్తుంది.

నీ ఉత్తరం అందింది. మీ జైలువాళ్ళు కవరు చించి, చదువుకుని, మళ్ళీ అంటించి పంపారు. అంటించడం కూడా సరిగ్గా చేతకాదు వాళ్ళకి. నువ్వడిగినవాటికి ముందు జవాబులు చెప్పేస్తాను. పన్ను పీకించేసుకున్నాను, నువ్వు బెంగపడకు. మోకాలు ఉన్నచోటే ఉంది, నొప్పీ ఉన్నచోటే ఉంది. పిల్లి ముసలిదైంది గానీ దాని పొగరు మాత్రం తగ్గలేదు. పై వాటాలో దిగే టూరిస్టులు పెట్టే హామ్ ముక్కలు మరిగి, నేను వేసే చేప తలకాయల వైపు కన్నెత్తి కూడా చూడదు. మన మెట్లసందులో పాతవాళ్ళం నాలుగిళ్ళవాళ్ళం మిగిలాం. తక్కినవన్నీ చక్రాల పెట్టెలు ఈడ్చుకుంటూ వచ్చేవాళ్ళ అద్దె గదులైపోయాయి. వాళ్ళ దుప్పట్లు మార్చేది నేనే కాబట్టి నోరారా తిట్టుకోవడానికి కూడా లేకుండా పోయింది.

ఇక అసలు సంగతి. పాపను స్విట్జర్లాండ్ తీసుకెళ్ళడానికి తండ్రిగా నీ సంతకం కావాలని తానియా కాగితం పంపిందనీ, ప్రాణం పోయినా పెట్టననీ రాశావు. "అమ్మా, నువ్వేమంటావు?" అని అడిగావు. నేనేమంటానో ఈ ఉత్తరంలో చెబుతాను. కానీ ఇప్పుడే కాదు. ముందు పండుగ ముందురోజు నేనూ పాపా ఊరు తిరిగిన సంగతి నువ్వు వినాలి. అది వినకుండా నా మాట వింటే నన్ను అపార్థం చేసుకుంటావు.

ఆ తిరుగుడు నీ ఆలోచనే కదా. "దాన్ని ఒక్కరోజు నీతో తీసుకెళ్ళమ్మా. చర్చి గోపురం ఎక్కించు, వంతెన మీద నడిపించు, పొట్ట పగిలేలా తినిపించు. సాయంత్రానికి అదే అంటుంది, నేనీ ఊరు వదిలి రానని. పిల్లే రానంటే తానియా ఏం చేస్తుంది?" అని రాశావు. అది చదివి నేను సంబరపడ్డానురా. నా కొడుకు బుర్ర రాగి తీగల దొంగతనంలో తప్ప మిగతా అన్నిట్లో చురుకే అనుకున్నాను. కోపం తెచ్చుకోకు. నేను కాకపోతే ఎవరంటారు ఆ మాట?

పండుగ ముందురోజు పొద్దున్నే తానియా పాపను తీసుకొచ్చింది. తెల్లవారుజామున ఆఫీసులు తుడిచే పని ముగించుకుని, పగలు లాండ్రీ పనికి వెళ్ళబోతూ వచ్చింది. కళ్ళ కింద నల్లటి చారలు. గుమ్మం లోపలికి రాలేదు.

"సాయంత్రం దాకా పాప మీదే అత్తయ్యా. ఎక్కడికైనా తిప్పండి, ఏదైనా పెట్టండి. ఏడిపించి మాత్రం పంపకండి" అంది.

"నా మనవరాలిని నేనెందుకు ఏడిపిస్తానే?"

"మీరు ఏడిస్తే అదీ ఏడుస్తుంది. అందుకని చెప్తున్నా."

అంతే. మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఏదో ఒకటి గట్టిగా అందామనుకుని నోరు తెరిచాను గానీ, ఆ అమ్మాయి చెప్పుల మడమలు అరిగిపోయి ఓ పక్కకి ఒరిగి ఉన్నాయి.

మొదట మార్కెట్‌కి వెళ్ళాం. మొక్కలమ్మే ఫిలొమెనా నీకు గుర్తుండే ఉంటుంది, గుసగుసలాడినా వీధి చివరిదాకా వినిపించే మనిషి. దాని ముందు బల్ల నిండా మంజెరికో తులసి కుండీలు, చిన్న చిన్న ఆకులతో బంతుల్లా గుండ్రంగా. మఫాల్దా ఒక్కొక్కటే తిప్పి తిప్పి చూసి, చివరికి ఒకటి ఎంచుకుంది.

"ఇది నాన్నకి" అంది.

"మీ నాన్న అంగోలాలో ఉన్నాడు కదే, అంత దూరం కుండీ ఎలా వెళ్తుంది?" అన్నాను. దానికి చెప్పడానికి మనమందరం కలిసి నేర్చుకున్న పాఠమే కదా అది.

"చూద్దాంలే నానమ్మా" అంది, నేనే ఎనిమిదేళ్ళ పిల్లనైనట్టు.

నా బుర్ర అప్పుడు ఎక్కడుందో తెలుసా? దీన్ని ఎలా మాట్లాడించాలి, ఎప్పుడు అడగాలి అన్న లెక్కల్లో ఉంది. ఆ ధ్యాసలో కుండీ అందుకుని, ఖర్బూజా పండు కొనేటప్పుడు చూసినట్టు ముక్కుకి ఆనించి గట్టిగా పీల్చాను. నేనురా, ఈ ఊళ్ళో పుట్టి ఈ ఊళ్ళో ముసలిదాన్నైన అర్మిందాని! మంజెరికోని అరచేత్తో నిమిరి, ఆ అరచెయ్యి వాసన చూడాలనీ, ముక్కు తగిలితే మొక్క చస్తుందనీ మనూళ్ళో నడక రాని పిల్లలకి కూడా తెలుసు. బుద్ధెరిగాక ఆ పొరపాటు చేసింది అదే మొదటిసారి.

ఫిలొమెనా గుండె మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో అయ్యో! అర్మిందా! ఏ విమానంలో దిగావే ఇవాళ? ముక్కు పెడతావా దానికి? నీకు మతి పోయిందా, ముక్కొకటే మిగిలిందా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరూ నవ్వారు. మఫాల్దా నవ్వలేదు. "నానమ్మా, ఇప్పుడిది చచ్చిపోతుందా?" అంది.

"నా ముక్కుకి అంత బలం లేదులేవే" అన్నాను.

"ఇంకోటి తీసుకో బంగారం, అది నేను పెట్టుకుంటాలే" అంది ఫిలొమెనా.

"వద్దు. ఇది నాన్నదని చెప్పేశాను కదా" అని కుండీని గుండెలకి హత్తుకుంది. ఇక రోజంతా దాన్ని దించలేదు. దించినప్పుడల్లా ఆకులు వాడాయేమోనని చూసుకునేది. చూసిన ప్రతిసారీ నాకు సూదితో పొడిచినట్టయ్యేది.

స్టేషన్‌కి తీసుకెళ్ళాను. నీలం బొమ్మల పలకల గోడల కింద నుంచి జీవితంలో ఎన్నిసార్లు రైలుకి పరుగెత్తి ఉంటాను? తలెత్తి చూసిన పాపాన పోలేదు. టూరిస్టులు తలలు వెనక్కి వాల్చి నిలబడుంటే మేమూ వాళ్ళ మధ్య అలాగే నిలబడ్డాం. "ఆ గుర్రం మీదాయన ఎవరు? ఈ మోకాళ్ళ మీదున్నది ఎవరు?" అని ఒకటే ప్రశ్నలు. నాకేం తెలుసు? "గుర్రం మీదుంటే రాజు. మోకాళ్ళ మీదుంటే మనలాంటివాడు" అన్నాను. అది చాలా శ్రద్ధగా తలూపింది. పెదాలు కదిలిస్తూ మనసులో ఏదో వల్లె వేసుకుంది. నాకు సంతోషమేసింది. పిల్లకి ఊరు నచ్చుతోంది, పని జరుగుతోంది అనుకున్నాను.

తర్వాత మన పాత కొట్లో నిలబడి పంది మాంసం రొట్టె తిన్నాం. రసం మోచేతుల దాకా కారింది. "ఇందులో ఏమేస్తారు నానమ్మా?" "వెల్లుల్లి, మిరియాలు, వైను, ఇంకా ఆ బాణలి కడక్కపోవడం." దానికీ తలూపి వల్లె వేసుకుంది. నేను ఇంకా పొంగిపోయాను.

గోపురం ఎక్కేటప్పుడు మాత్రం నిన్ను తిట్టుకున్నాను. ఎక్కించమని తేలిగ్గా రాశావు గానీ మోకాలు నీది కాదు కదా. సగం దారిలో చతికిలబడితే మఫాల్దా కుండీని ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో నన్ను లాగింది. వెనకాల జర్మనీవాళ్ళెవరో ఓపిగ్గా ఆగారు. పైకెళ్ళాక గాలి మొహాన కొట్టింది. ఎర్ర పెంకుల కప్పులు, వాటి మధ్య నుంచి నది. మన సందు ఎక్కడో చూపించబోయాను. అది అటు చూడలేదు.

"నానమ్మా, అలెంతేజు ఎటువైపు?"

నువ్వున్న జైలు అటే కదా. "నదికి ఆవల, చాలా దూరం. ఎందుకే?" అన్నాను.

"ఊరికే. బళ్ళో చెప్పారు." తర్వాత కుండీని పిట్టగోడ మీద పెట్టి అటువైపు తిప్పింది. "ఎండ తగలాలి కదా" అంది. ఎండ వేరే పక్క నుంచి వస్తోంది. పిల్లల మాటలు అనుకుని సర్దుకున్నాను. సర్దుకోవడంలో మీ అమ్మని మించినవాళ్ళు లేరు కదా.

మధ్యాహ్నం మంచి హోటల్లోనే కూర్చున్నాం. సర్వరు కుర్రాడు వచ్చి మమ్మల్ని ఇంగ్లీషులో పలకరించాడు. "బాబూ, నేను నువ్వు పుట్టకముందు నుంచీ ఈ వీధి తుడుస్తున్నదాన్ని. నాతో మనుషుల భాష మాట్లాడు" అన్నాను. వాడు సిగ్గుపడిపోయాడు. "క్షమించమ్మా, పొద్దుటినుంచి మన భాష మాట్లాడేవాళ్ళు ఒక్కరూ రాలేదు. నా నాలుకకే అలవాటు తప్పింది" అన్నాడు. అడక్కుండానే రొట్టె, ఆలివ్‌లు, జున్ను తెచ్చి పెట్టాడు. అవి ముట్టుకుంటే బిల్లులో ఎక్కుతాయని ముట్టుకోకుండా వెనక్కి పంపడం మన ఇంటావంటా ఉన్న విద్య. ఆ రోజు పంపలేదు. "తినవే" అన్నాను.

మఫాల్దా ఆలివ్ వైపు చూసింది, నా వైపు చూసింది. "ఎందుకు నానమ్మా? నాకేమైనా అయిందా?" అంది.

నవ్వేశాను. నవ్వక ఏం చెయ్యను? తర్వాత మాంసాలు కుక్కిన ఫ్రాన్సెసీన్యా రొట్టె వచ్చింది. జున్ను కప్పుకుని, కారం సాసులో మునిగి, కొవ్వు కక్కుతూ. ఇద్దరం ఒకే పళ్ళెంలో తిన్నాం. అది కారానికి ముక్కు చీదుకుంటూనే, ఆ సాసులో ఏమేస్తారని సర్వరుని అడిగింది. "చెబితే మా యజమాని నన్ను నదిలోకి తోసేస్తాడు చిన్నమ్మా" అన్నాడు వాడు. "నాకు మాత్రం చెప్పు, నేను వెళ్ళిపోతున్నాను, ఎవరికీ చెప్పను" అంది.

నేనొక్కదాన్నే విన్నాను ఆ మాట, సర్వరు అప్పటికే పక్క బల్ల దగ్గరికి వెళ్ళాడు.

వంతెన మీద, పై అంతస్తులో, ట్రాము పట్టాల పక్కన నిలబడి అడిగేశాను. కింద నది మెరుస్తోంది. కింది అంతస్తు కమ్మీల మీద మన రిబైరా రేవు కుర్రాళ్ళు చొక్కాలు విప్పి, దూకుతాం దూకుతాం అని టూరిస్టులని ఊరిస్తున్నారు. "మీ నాన్న కూడా అక్కడి నుంచే దూకేవాడు" అన్నాను.

"భయం వేసేది కాదా?"

"వాడికి భయం లేదు. అదే వాడి జబ్బు." తర్వాత వీలైనంత మామూలుగా అన్నాను, "అక్కడ ఇలాంటి నది ఉంటుందా చెప్పు? ఇలాంటి వంతెన ఉంటుందా?"

"పెద్ద చెరువుందట. అక్కడున్న పిన్ని చెప్పింది."

"చెరువుదేముందే, కదలకుండా పడి ఉంటుంది. నువ్వు నా దగ్గరే ఉండిపోరాదూ? నా మంచం వెడల్పుగా ఉంటుంది. రోజూ నీకిష్టమైన చేప వడలు చేస్తాను. పిల్లి కూడా నీతోనే పడుకుంటుంది."

నేను కమ్మీ పట్టుకుని, మన ఊరి పునీతులందరినీ పేరుపేరునా తలుచుకున్నాను.

"మరి అమ్మ?" అంది. "అమ్మకి చీకట్లో ఒక్కతే పడుకోవాలంటే భయం నానమ్మా. నీకు చెప్పదు గానీ, లైటు వేసుకునే పడుకుంటుంది."

"అయితే పొద్దుటినుంచి ప్రతిదీ ఎందుకు అడుగుతున్నావే? ఊరు నచ్చే కదా?"

"నచ్చింది. అక్కడి పిల్లలు మీ ఊళ్ళో ఏముందని అడుగుతారు కదా. ఇక్కడే పుట్టి ఏమీ చూడలేదంటే నవ్వుతారు. అందుకే అన్నీ గుర్తుపెట్టుకుంటున్నాను."

అదిరా సంగతి. మనం దాన్ని కట్టెయ్యడానికి తెచ్చిన తాడుతో అది తన మూట కట్టుకుంటోంది. రాజు గుర్రం మీద, మనలాంటివాళ్ళు మోకాళ్ళ మీద. వెల్లుల్లి, మిరియాలు, వైను. నాకు ఏడుపొచ్చింది. కానీ ఏడిపించకండి అంది కదా తానియా. నడిచాను.

సాయంత్రానికి మన సందుకి చేరాం. ప్రతి గుమ్మం ముందూ కుంపటి, కుంపటి మీద సార్డీన్ చేపలు, పొగ కళ్ళలోకి. పండుగ ఆచారం ప్రకారం ప్లాస్టిక్ సుత్తులతో ఎవరు కనబడితే వాళ్ళ నెత్తిన పిల్లా పెద్దా కొట్టుకుంటున్నారు, కీచుకీచుమని చప్పుళ్ళు. ముసలి ఫాదరుగారి నెత్తిన నేనే రెండు వేశాను, మా కోసం సరిగ్గా ప్రార్థన చెయ్యట్లేదని. మఫాల్దాకీ ఒక సుత్తి కొనిచ్చాను. ఒక చంకలో కుండీ, ఒక చేతిలో సుత్తి. కానీ ఎవరినీ కొట్టడం లేదు.

అప్పుడొచ్చారు సందులో పిల్లలు. నలుగురైదుగురు దాని చుట్టూ చేరి నెత్తిన టపటపా మోదారు. పండుగ మోత కాదురా అది. నాకు తేడా తెలుసు. "ఏయ్ రాగితీగ కూతురా! మీ నాన్న ఇంకా అంగోలాలోనే ఉన్నాడా? అక్కడ కూడా కమ్మీలుంటాయా?" అని పాట కట్టి మరీ అరుస్తున్నారు. నేను చేపలు తిప్పే పట్టకారుతో వాళ్ళ వెంట పడ్డాను. మోకాలు సహకరించలేదు. తిరిగొచ్చేసరికి అది జుట్టు సవరించుకుంటోంది.

"వదిలెయ్ నానమ్మా. రోజూ ఉండేదే" అంది.

రోజూనట. ఆ పిల్లల తల్లుల్లో ఇద్దరికి పురుడు దగ్గర సాయం పట్టినదాన్ని నేను. ఎవరిని నిలదియ్యను? వాళ్ళు అన్నది అబద్ధమని చెప్పగలనా?

ఇప్పుడు చెప్పబోయేది పొద్దుటినుంచీ, అంటే ఈ ఉత్తరం మొదటి మాట నుంచీ, దాస్తూ వచ్చాను. సందు చివర రేవు దగ్గర ఒక పోలీసు కుర్రాడు కాపలా ఉన్నాడు. ఈ ఒక్కరోజు పోలీసుల నెత్తిన కూడా కొట్టొచ్చు కదా, జనం వరసకట్టి కొడుతుంటే అతను నవ్వుతూ టోపీ తీసి తల వంచుతున్నాడు. మఫాల్దా నా చెయ్యి వదిలి తిన్నగా వెళ్ళి అతని ముందు నిలబడింది. అతను తల వంచాడు. అది సుత్తి ఎత్తలేదు. కుండీ ముందుకు చాపింది.

"పోలీసు సార్, మా నాన్న మీ దగ్గరున్నాడు. పేరు ఎల్దర్. అలెంతేజు జైల్లో. ఇది ఆయనకి ఇస్తారా? మా నానమ్మ పొరపాటున ముక్కు పెట్టింది, అందుకని తొందరగా ఇవ్వాలి."

చుట్టూ సుత్తుల మోత. నాకు మాత్రం ఏమీ వినబడలేదు. అతను అలాగే వంగి నా వైపు చూశాడు. ఏం చెప్పమంటారమ్మా అని అడుగుతున్నాయి ఆ కళ్ళు. అరవయ్యేళ్ళు దాటినదాన్ని, నా నోటికి జడిసి ఊరంతా దారి ఇచ్చేదాన్ని, దిక్కులు చూశానురా.

"అక్కడ పనిచేసేవాళ్ళు వేరేనమ్మా. నాకు వాళ్ళు తెలీదు" అన్నాడు పాపం.

"మీరు ఇంతమంది ఉన్నారు కదా, ఒక్కరికీ తెలీదా?"

"లోపలికి మొక్కలు రానివ్వరు తల్లీ. మట్టిలో ఏమైనా దాస్తారేమోనని."

"మట్టి తీసేస్తాను."

"వద్దు, మొక్క చచ్చిపోతుంది. నువ్వే నీళ్ళు పోసి పెంచు. నాన్న వచ్చాక నీ చేత్తో ఇద్దువుగాని."

"నేనిక్కడ ఉండను కదా" అంది.

అతని టోపీ చేతిలో, తల వంచినది వంచినట్టే. మఫాల్దా సుత్తితో అతని నెత్తిన మెల్లగా తట్టి వచ్చేసింది. "పాపం, తల వంచుకునే ఉన్నాడు నానమ్మా. అందుకని కొట్టాను" అంది నాతో.

మెట్ల మీద కూర్చున్నాం. సార్డీన్ చేపని రొట్టె ముక్క మీద పెట్టి ముళ్ళు తీసి ఇచ్చాను. సగం తిన్నాక అడిగాను, ఎప్పటినుంచి తెలుసని.

"మొదటినుంచీ."

"మరి చెప్పలేదేమే?"

"నువ్వు అంగోలా గురించి బాగా చెప్తావు. నాన్న పెద్ద లారీ నడుపుతాడనీ, దారిలో ఏనుగులు అడ్డం వస్తే దిగి సర్దిచెప్తాడనీ. అది నాకిష్టం." రొట్టె కొరికింది. "అక్కడ పిల్లలకి నేనదే చెప్తాను. వాళ్ళు నమ్ముతారు. ఇక్కడ చెబితే అందరూ నవ్వుతారు."

మళ్ళీ అంది, "కానీ నాన్న వచ్చాక ఈ సందుకే వస్తాడు కదా. నేనుండను. నన్నెక్కడ వెతకాలో తెలుసా నాన్నకి?"

ఏడ్చాను ఎల్దర్. ఆపుకోలేకపోయాను. తానియా అన్నట్టు జరగలేదు, అది ఏడవలేదు. నూనె చేతులతోనే నా మొహం తుడిచింది. తానియా వచ్చేసరికి నా బుగ్గల నిండా చేప వాసన. ఆ అమ్మాయి చూసి నా పక్కన మెట్టు మీద కూర్చుంది, నేనొక చేప వేసిస్తే తింది. పొద్దుటినుంచి ఏమీ తిన్నట్టు లేదు. ముగ్గురం ఆకాశంలోకి చూస్తూ కూర్చున్నాం.

నేనేమంటానని అడిగావు కదా. సంతకం పెట్టు నాన్నా.

ఈ మాట రాయడానికి నిన్నంతా పట్టింది నాకు. అది వెళితే నాకు మిగిలేది పిల్లి, అదీ హామ్ దొరికినన్నాళ్ళే. నీకు రాయడానికి కూడా దాని కబుర్లుండవు. నాకు తెలియదా? కానీ ఈ సందులో దాన్ని ఉంచి నేను దేన్నించి కాపాడగలను? పట్టకారు పట్టుకుని ఎంతమంది వెంట పడను? అక్కడికెళితే దాని అబద్ధాన్ని నమ్మేవాళ్ళయినా ఉంటారు. ఇక్కడ నేను దానికి ఇవ్వగలిగింది చేప వడలు, వెడల్పాటి మంచం. అవి చాలవని మొన్న వంతెన మీద దాని నోటితోనే విన్నాను. నువ్వక్కడ కమ్మీల వెనక, నేనిక్కడ కమ్మీలు లేకుండా, ఇద్దరికీ చేతనైంది ఏమీ లేదు. చేతిలో ఉన్నది ఆ సంతకం ఒక్కటే. దాన్ని తానియా మీద కోపానికి ఖర్చు పెట్టకు.

సంతకం పెట్టాక దానికి నువ్వే రాయి. అంగోలా నుంచి కాదు, నువ్వున్న చోటు నుంచి రాయి. నన్నెక్కడ వెతకాలో నాన్నకి తెలుసా అంది కదా, తెలుసని రాయి. స్విట్జర్లాండ్ చిరునామా తానియా ఇచ్చింది, కవరు వెనక రాశాను.

కుండీ నా దగ్గరే వదిలి వెళ్ళింది. కిటికీలో పెట్టాను. పొద్దున చూస్తే ఒక పక్కన తల వాల్చింది. రోజంతా ఎండలో తిరిగినందుకో, నా ముక్కు వల్లో తెలీదు. బాగా చూసుకున్నా మంజెరికో బతికేది ఒక్క వేసవి. నువ్వు వచ్చేదాకా ఉండదని నాకూ తెలుసు, నీకూ తెలుసు. పాపకి మాత్రం చెప్పలేదు.

వెళ్ళేముందు ఈ ఉత్తరం కోసం తెల్లకాగితం అడిగింది. మొక్కని రెండు చేతులతో బాగా నిమిరి, ఆ అరచేతులు ఈ కాగితం మీద ఒత్తింది. కింద కనిపిస్తున్న ఆకుపచ్చ మరకలు అవే, కొంచెం చేప నూనె కూడా ఉంది. నీకు అందేలోపు ఆ జైలువాళ్ళ దగ్గర ఎన్ని చేతులు మారుతుందో, ఇంకా వాసన మిగులుతుందో లేదో నేను చెప్పలేను. నువ్వు మాత్రం ముక్కు పెట్టకు. దాని చేతుల మీద నీ చెయ్యి ఆనించి, నీ చెయ్యి వాసన చూసుకో. అలా చెప్పమని మరీ మరీ చెప్పింది.

ఇట్లు,
మొక్కకి ముక్కు పెట్టిన
మీ అమ్మ,
అర్మిందా